వారంటీ రిపేరుకు విదేశానికి పంపిన వస్తువు తిరిగొస్తే మళ్లీ సుంకం కట్టాలా?

చుక్కలచూపు
అందరికీ నమస్కారం. నా దగ్గర చల్లబరిచే రకం ఖగోళ కెమెరా ఒకటి ఉంది. విదేశంలోని తయారీదారు నుంచి నేరుగా తెప్పించుకున్నాను. అప్పుడే దిగుమతి సుంకం, పన్ను పూర్తిగా కట్టాను, రసీదులు భద్రంగా ఉన్నాయి. ఈమధ్య కూలర్ వేసిన కాసేపటికే సెన్సర్ ముందున్న గాజు లోపలివైపు మంచు పడుతోంది. ఫొటో మధ్యలో గుండ్రటి మసక, దాని అంచున ఈకల్లాంటి గీతలు. తేమ పీల్చే గుళికలు ఆరబెట్టి మళ్లీ వేసినా ఫలితం లేదు. సీలు పోయి ఉంటుందని, వారంటీ వర్తిస్తుందని, తమకు పంపితే ఉచితంగా బాగుచేసి తిప్పి పంపుతామని కంపెనీ రాసింది.

పంపడానికి ఇబ్బంది లేదు, నా బెంగంతా తిరిగి రావడం గురించే. కొత్త కెమెరా కొన్నట్టు మళ్లీ మొత్తం సుంకం వేస్తారా? ఫారంలో విలువ ఎంత రాయాలి? చెడిపోయిన వస్తువుకు విలువేముంది, సున్నా రాయవచ్చా?

తూర్పుగాలి
దీనికింత ఆలోచన ఎందుకండీ? "బహుమతి" అని రాసి, విలువ 10 డాలర్లు వేసి పంపేయండి. తిరిగి పంపేటప్పుడు వాళ్లనూ అలాగే రాయమనండి. నేను హెడ్‌ఫోన్లు, గడియారం అలాగే పంపాను. ఎవరూ పెట్టె తెరిచి చూడరు.

సరుకులశాస్త్రి
తూర్పుగాలి గారూ, మీ పార్సెళ్లు దాటిపోయి ఉండవచ్చు, కాదనను. కస్టమ్స్ ఏజెంటుగా నేను రోజూ చేసే పని ఇదే కాబట్టి దాటని పార్సెళ్లే నా బల్ల మీదికి వస్తాయి.

వెళ్లేటప్పుడు "బహుమతి" అని రాసిన వస్తువు తిరిగొచ్చాక "ఇది నాదే, రిపేరుకు వెళ్లొచ్చింది" అంటే ఏ అధికారి నమ్ముతాడు? మన ఎగుమతి కాగితమే మనకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. పైగా తయారీ కంపెనీ తన లెక్కల పుస్తకాలు చెడగొట్టుకుని మీ కోసం అబద్ధం రాయదు. అసలు విలువే వేస్తుంది. 10 డాలర్లకు వెళ్లిన డబ్బా 1000 డాలర్లకు తిరిగొస్తే, మీరు అక్కడ 990 డాలర్ల సరుకు కొనుక్కున్నారనే అర్థం. దారిలో పోతే నష్టపరిహారం కూడా ఆ 10 డాలర్ల లెక్కనే. వీటన్నింటికన్నా ముందు, తప్పుడు ప్రకటన చేయడం నేరం.

చుక్కలచూపు గారూ, మీ వస్తువుకు ఒకసారి సుంకం కట్టారన్న సంగతి సరిహద్దులో కూర్చున్న అధికారికి తనంతట తెలియదు. పెట్టె లోపలికి వస్తోంది, అంటే దిగుమతి, అంటే సుంకం. అది కాదని చూపించాల్సిన భారం మన మీదే ఉంది. ఇందుకు దారి మాత్రం చాలా దేశాల్లో ఉంది. ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన సవరించిన క్యోటో ఒప్పందం 2006 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చింది. బయటికి వెళ్లి ఏ మార్పూ లేకుండా తిరిగొచ్చిన వస్తువులకు ఒక అధ్యాయం, బయట మరమ్మతు చేయించుకుని వచ్చిన వస్తువులకు ఇంకో అధ్యాయం అందులో వేర్వేరుగా ఉన్నాయి. మీది రెండో రకం. ఆ పేరుతోనే రాయితీ అడగాలి. కొన్ని చోట్ల దీనికి పంపకముందే అనుమతి తీసుకోవాలి, అందుకే పెట్టెకు టేపు వేసే ముందు మీ కస్టమ్స్ నిబంధన ఒకసారి చదవండి.

అధికారి అడిగే ప్రశ్న ఒక్కటే: వెళ్లినదీ, వచ్చినదీ ఒకటేనా? జవాబు సీరియల్ నంబరు. ఆ నంబరు కెమెరా మీద ఉంటే సరిపోదు, ఎగుమతి ప్రకటన మీద, ఇన్వాయిస్ మీద, కంపెనీ ఇచ్చే మరమ్మతు నివేదిక మీద అదే అంకె కనిపించాలి. పెట్టెలో పెట్టే ముందు నంబరు స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసుకోండి.

లెక్కలమాస్టారు
విలువ గురించి నాలుగు మాటలు. సున్నా వద్దు. చాలా కొరియర్ల కంప్యూటర్లు సున్నాను తీసుకోనే తీసుకోవు. "వాణిజ్య విలువ లేదు" అని రాసినా పక్కన ఒక అంకె వేయాల్సిందే.

ప్రపంచ వాణిజ్య సంస్థ కస్టమ్స్ విలువ ఒప్పందంలో ఆరు పద్ధతులు వరుసగా ఉంటాయి. మొదటిది లావాదేవీ విలువ, అంటే కొన్నవాడు అమ్మినవాడికి ఇచ్చిన ధర. రిపేరుకు పంపడంలో అమ్మకమే లేదు కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు. తర్వాతివాటిలో పోల్చదగిన వస్తువుల ధర నుంచి మొదలుపెట్టి, చివరికి అందుబాటులో ఉన్న ఆధారాలతో సహేతుకంగా నిర్ణయించడం దాకా ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే, కొన్న ఇన్వాయిస్ తీసుకుని, వాడిన కాలానికి, ఉన్న లోపానికి తగ్గించి, ఎవరైనా అడిగితే వివరించగలిగే అంకె వేయండి. అదే అంకె బీమాకూ వాడండి. కస్టమ్స్‌కు ఒకటి, బీమాకు ఇంకొకటి అయితే ఎక్కడో ఒకచోట దొరికిపోతారు.

బీమా వద్దనుకునేవారికి ఒక లెక్క. అంతర్జాతీయ విమాన రవాణాలో సరుకు పోయినా పాడైనా, 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం రవాణా సంస్థ బాధ్యతకు పరిమితి ఉంది. 2024 డిసెంబరు 28 నుంచి అది కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే ప్రమాణం. ధర ఎంతైనా లెక్క బరువు మీదే. విలువ ముందుగా ప్రత్యేకంగా ప్రకటించి, దానికి అదనపు రుసుము కడితేనే ఆ పరిమితి వర్తించదు. ఖగోళ కెమెరా బరువెంతో మీకే తెలుసు!

చుక్కలచూపు
కిలో కూడా ఉండదండీ. బీమా చేస్తాను.

శాస్త్రి గారూ, ఇంకో అనుమానం. రిపేరు ఉచితం కదా. అంటే తిరిగొచ్చేటప్పుడు కట్టాల్సింది ఏమీ ఉండదనే కదా?

సరుకులశాస్త్రి
అక్కడే చాలామంది బోల్తా పడతారు. "ఉచితం" అన్న మాటను ఒక్కో చట్టం ఒక్కో విధంగా చూస్తుంది.

యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ కోడ్ 260వ అధికరణం దయగలది. వారంటీ బాధ్యత వల్ల గానీ, తయారీ లోపం వల్ల గానీ ఉచితంగా బాగుచేశారని అధికారులకు నిరూపిస్తే దిగుమతి సుంకం నుంచి పూర్తి మినహాయింపు. అమెరికా సుంకాల పట్టికలో వారంటీ మరమ్మతుకు వెళ్లొచ్చిన వస్తువులకు 9802.00.40 అని ప్రత్యేక వరుస ఉంది. అక్కడ సుంకం మొత్తం వస్తువు మీద పడదు, మరమ్మతు విలువ మీద పడుతుంది. డబ్బు తీసుకోకపోయినా ఆ పని విలువ ఎంతో కాగితంలో చూపాలి. భారత కస్టమ్స్ 2017లో ఇచ్చిన 45వ నంబరు నోటిఫికేషన్ ఇంకా సూటిగా మాట్లాడింది: మరమ్మతుకు, వాడిన సామగ్రికి న్యాయంగా అయ్యే ఖర్చు, అది నిజంగా అయినా కాకపోయినా, దానికి రానుపోను రవాణా, బీమా కలిపి, ఆ మొత్తం మీద సుంకం లెక్క. అంటే మీ జేబులోంచి పైసా కదలకపోయినా లెక్కలో విలువ ఉన్నట్టే.

కాబట్టి కంపెనీకి ఇప్పుడే ఒక మెయిల్ రాయండి. తిరిగి పంపే ఇన్వాయిస్‌లో వస్తువు విలువ ఒక వరుసలో, మార్చిన భాగాల విలువ, కూలి విలువ వేరే వరుసల్లో చూపాలి. ఆ కింద "వారంటీ కింద ఉచితం, వినియోగదారు చెల్లించాల్సింది 0" అని రాయాలి. ఈ విభజన లేకపోతే అధికారి ముందు ఒకే అంకె ఉంటుంది. అది మొత్తం కెమెరా ధర. ఉన్న అంకె మీదే సుంకం వేస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

మీటలపెట్టె
ఇక్కడ ఎవరూ చెప్పని చిక్కు ఒకటి ఉంది. బాగుచేయకుండా వేరేది పంపితే?

నా సింథసైజర్ విషయంలో అదే జరిగింది. మీటల కింద ఉండే సెన్సర్ పట్టీ పోయింది. రిపేరు అన్నారు, పంపాను, కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. వాళ్లు పట్టీ మార్చడం కన్నా సులువని కొత్త వాయిద్యాన్ని పెట్టెలో పెట్టి పంపారు. ఉదారంగానే చేశారు, కానీ సీరియల్ నంబరు మారిపోయింది. కస్టమ్స్ వారు నా ఎగుమతి కాగితం, పెట్టెలోని నంబరు పక్కపక్కన పెట్టి చూసి, ఇది వేరే వస్తువు, కొత్త దిగుమతి అన్నారు. వాదించడానికి నాకు మాట లేదు. నిజంగానే అది వేరే వస్తువు కదా.

చివరికి పని చేసింది ఒక ఉత్తరం. పాత నంబరు వాయిద్యాన్ని ఫలానా లోపం వల్ల వారంటీ కింద తీసుకున్నాం, దాని బదులు ఫలానా నంబరుది ఉచితంగా ఇచ్చాం, పాతది మా దగ్గరే ఉండిపోయింది అని కంపెనీ లెటర్‌హెడ్ మీద. అది తెప్పించేదాకా పెట్టె గోదాములోనే ఉంది, నిల్వ ఛార్జీ పెరుగుతూనే ఉంది.

సరుకులశాస్త్రి
మీటలపెట్టె గారు చెప్పింది అక్షరాలా నిజం, ఈ రకం కేసులే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. మార్చి ఇచ్చిన వస్తువుకు అన్ని దేశాల్లోనూ రాయితీ దొరకదు. యూరోపియన్ కోడ్ 261వ అధికరణంలో మాత్రం మార్పిడికి ప్రత్యేక పద్ధతి ఉంది. బదులుగా వచ్చినది అదే సుంకపు వర్గీకరణలో ఉండాలి, అదే నాణ్యత, అవే సాంకేతిక లక్షణాలు ఉండాలి. పంపినది వాడినదైతే బదులు వచ్చేదీ వాడినదే కావాలన్నది మామూలు షరతు. కానీ వారంటీ కింద ఉచితంగా ఇస్తే ఆ షరతును సడలిస్తారు. అధికారుల అనుమతి మాత్రం తప్పనిసరి.

చుక్కలచూపు గారూ, మీ మెయిల్‌లో ఇది కూడా చేర్చండి: "మార్చాల్సి వస్తే పంపకముందు నాకు చెప్పండి."

బ్యాటరీబాబు
అసలు ప్రశ్నకు కాస్త పక్కగా వెళ్తున్నాను, కానీ ఈ చర్చ చదివి ఫోనో, హెడ్‌ఫోనో పెట్టెలో వేసేవారు ఉంటారు. లిథియం బ్యాటరీ ఉంటే కస్టమ్స్ కన్నా ముందు విమాన నిబంధనలు అడ్డం వస్తాయి. పరికరంలో బిగించి ఉన్న లిథియం అయాన్ బ్యాటరీకి ప్రమాదకర సరుకుల జాబితాలో యూఎన్ 3481 అన్న గుర్తింపు. బ్యాటరీ 100 వాట్ అవర్లు దాటితే నిబంధనలు ఇంకా బిగుస్తాయి. లెక్క సులువే: వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించడం. 3.7 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అయితే 18.5.

అసలు ప్రమాదం వేరు. లోపం బ్యాటరీలోనే ఉండి, అది ఉబ్బినా, విపరీతంగా వేడెక్కుతున్నా అలాంటిదాన్ని విమానంలో పంపడమే నిషేధం. "వారంటీ రిపేరు" అని రాసినా మారదు. అలాంటప్పుడు కంపెనీకి ఫొటోలు పంపి, వస్తువు తెప్పించుకోకుండానే మార్చి ఇవ్వమని అడగండి. ఆ లోపం రాయకుండా పెట్టె కట్టి పంపడం మాత్రం దయచేసి చేయకండి. అదే విమానంలో మనుషులు కూడా ఉంటారు.

చుక్కలచూపు
కెమెరాలో బ్యాటరీ లేదు, బయటి కరెంటుతో నడుస్తుంది. అదొక్కటే అదృష్టం.

తూర్పుగాలి
సరే, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి చెప్పండి. తక్కువ విలువ పార్సెళ్లకు సుంకమే ఉండదు కదా? ఆ పరిమితి లోపల ఉంటే ఈ గొడవంతా ఎందుకు?

లెక్కలమాస్టారు
ఆ పరిమితులు కరిగిపోతున్నాయి. అమెరికాలో 800 డాలర్ల దాకా ఉన్న మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల సరుకుకూ నిలిపివేశారు. యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు వస్తువులకు ఇచ్చిన వ్యాట్ మినహాయింపును 2021 జూలై 1న తీసేసింది. నిన్నటి అనుభవాన్ని నమ్ముకుని ఇవాళ పంపకూడదు.

నిదానం
మా బంధువు ఒకరు అదే దేశానికి వెళ్తున్నారు, లెన్స్ ఒకటి చేతికిచ్చి పంపుదామనుకుంటున్నాను. అప్పుడు ఈ కాగితాలు అక్కర్లేదు కదా?

సరుకులశాస్త్రి
చేతిలో ఉన్నా సరిహద్దు సరిహద్దే, నిదానం గారూ. బయలుదేరే ముందే విమానాశ్రయంలోని కస్టమ్స్ వారికి లెన్స్, దాని నంబరు చూపించి నమోదు చేయించాలి. అమెరికాలో దీనికి 4457 నంబరు ఫారం ఉంది. ఇతర చోట్ల వేరే పేర్లతో ధ్రువపత్రం ఇస్తారు. విమానం ఎక్కేశాక అది దొరకదు. చెక్ఇన్ సామానులో వేసేస్తే చూపించడానికి చేతిలో లెన్సే ఉండదు, అదీ గుర్తు పెట్టుకోండి.

చుక్కలచూపు
ఇన్వాయిస్ మీద ఇలా రాద్దామనుకుంటున్నాను, చూసి చెప్పండి:

"కెమెరా భాగాలు, 1. రిపేరు కోసం. విలువ కస్టమ్స్ కోసం మాత్రమే."

సరుకులశాస్త్రి
"భాగాలు" తీసేయండి. మీరు పంపేది పూర్తి కెమెరా. భాగాలని వెళ్లి కెమెరా అని వస్తే మళ్లీ రెండు వస్తువులవుతాయి. అంతర్జాతీయ సుంకపు వర్గీకరణలో డిజిటల్ కెమెరాలు 8525 శీర్షిక కిందికి వస్తాయి. మొదటి ఆరు అంకెల దాకా వర్గీకరణ అన్ని చోట్లా ఒకటే, ఆపైవి దేశాన్ని బట్టి మారతాయి. మీరు కొన్నప్పటి దిగుమతి కాగితంలో ఏ కోడ్ ఉందో అదే వాడండి. ఇలా రాయండి:

"వాడిన ఖగోళ కెమెరా, 1. మోడల్ (పేరు), సీరియల్ నంబరు (అంకె). లోపం: సెన్సర్ గాజు లోపల మంచు. వారంటీ మరమ్మతు కోసం తాత్కాలిక ఎగుమతి, అమ్మకం కాదు. మరమ్మతు తర్వాత యజమానికి తిరిగి వస్తుంది. కంపెనీ ఇచ్చిన ఆర్‌ఎంఏ (తిప్పి పంపడానికి అనుమతి) నంబరు (అంకె). మొదటి దిగుమతి పత్రం నంబరు, తేదీ."

దీన్ని అక్కడి అధికారులకు అర్థమయ్యే భాషలో రాయాలని వేరే చెప్పక్కర్లేదు. ఒక ప్రతి పెట్టె లోపల, ఒకటి బయట సంచిలో, ఒకటి మీ దగ్గర. తపాలాలో పంపితే కస్టమ్స్ ప్రకటనకు వాడే సీఎన్23 ఫారంలో "తిరిగి పంపే సరుకు" అన్న గడి ఉంటుంది, "బహుమతి" గడి జోలికి పోకండి. నా మటుకు నేను ఖరీదైన వస్తువును తపాలాలో పంపను. చాలా చోట్ల తపాలా పార్సెల్‌కు విడిగా ఎగుమతి ప్రకటన నమోదు కాదు, రేపు చూపించడానికి గట్టి ఆధారం ఉండదు.

అవతలి దేశంలో దిగేటప్పుడు సుంకం పడితే ఎవరు కడతారో కూడా తేల్చుకోండి. పంపినవారే కట్టే డీడీపీ షరతు వేసుకుంటే ఆ బిల్లు మీకే వస్తుంది. కంపెనీ తన రిపేరు దిగుమతి ఖాతా నంబరు ఇస్తే అది వేయండి. ఈ మాట తేల్చుకోకుండా పంపితే కంపెనీ గుమాస్తా పార్సెల్ తీసుకోననవచ్చు, పెట్టె రిపేరు కాకుండానే తిరుగుముఖం పడుతుంది.

పాతరికార్డు
నాది ఇప్పటికే అయిపోయిన వ్యవహారం. యాంప్లిఫయర్ రిపేరై వచ్చింది, కొరియర్ వారు పూర్తి ధర మీద సుంకం కట్టేసి, వసూలు చేసుకున్నాకే పెట్టె చేతికిచ్చారు. పంపినప్పటి కాగితాలన్నీ ఉన్నాయి. ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందేనా?

సరుకులశాస్త్రి
వదులుకోనక్కర్లేదు. మీ బిల్లులో రెండు రకాల డబ్బు కలిసి ఉంటుంది, వాటిని విడదీసి చూడండి. సుంకం, పన్ను ప్రభుత్వానికి వెళ్లాయి, అవి తిరిగి అడగవచ్చు. కొరియర్ తన సేవకు వేసుకున్న రుసుము వేరు, అది సాధారణంగా రాదు. ముందుగా కొరియర్ నుంచి దిగుమతి ప్రకటన ప్రతి తెప్పించుకోండి. అందులో ఏ పద్ధతి కింద క్లియర్ చేశారో ఉంటుంది. మామూలు దిగుమతి అని ఉంటే, ఎగుమతి కాగితం, మరమ్మతు నివేదిక జతచేసి కస్టమ్స్‌కు రీఫండ్ దరఖాస్తు పెట్టండి. గడువు దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో అధికంగా వసూలైన సుంకానికి 3 ఏళ్లు, కొన్ని చోట్ల అంతకన్నా చాలా తక్కువ. ఫోన్లో కొరియర్ వారితో పోట్లాడుతూ కాలం గడపకండి, గడువు మీ కోసం ఆగదు.

చుక్కలచూపు గారికి కూడా ఇందులో ఒక సూచన ఉంది. ఎక్స్‌ప్రెస్ కొరియర్లు పార్సెళ్లను గంపగుత్తగా, మామూలు దిగుమతిగా క్లియర్ చేసేస్తాయి. ట్రాకింగ్ నంబరు రాగానే, పెట్టె ఇంకా గాలిలో ఉండగానే, వారి క్లియరెన్స్ విభాగానికి కాగితాలు పంపి "మరమ్మతు తర్వాత పునర్దిగుమతి, ఈ రాయితీ కింద క్లియర్ చేయండి" అని రాయండి. క్లియర్ అయ్యాక సరిదిద్దించడం పాతరికార్డు గారి దారి.

నిదానం
రానుపోను రవాణా ఖర్చు ఎవరిదన్న సంగతి ఎవరూ అడగలేదే?

లెక్కలమాస్టారు
కొన్న చోటి చట్టాన్ని బట్టి. యూరోపియన్ యూనియన్‌లో 2022 జనవరి 1 నుంచి వర్తిస్తున్న 2019/771 ఆదేశం ప్రకారం, ఉచిత మరమ్మతు అంటే తపాలా, రవాణా, కూలి, సామగ్రి ఖర్చులు కూడా వినియోగదారు మీద పడకూడదు. అయితే ఆ బాధ్యత వస్తువు అమ్మినవారిది. తయారీదారు తన ఇష్టంతో ఇచ్చే వారంటీ వేరు, దానిలో ఏం రాస్తే అదే.

చుక్కలచూపు
కెమెరా వచ్చింది. మంచు సమస్య పోయింది, సీలు వలయం, గాజు రెండూ మార్చారు. సీరియల్ నంబరు పాతదే. భాగాలకు, కూలికి విడివిడిగా విలువ వేసి కింద 0 చూపించారు. కొరియర్ వారు మొదట మామూలు దిగుమతిగానే పెట్టబోయారు. ముందే పంపిన మెయిల్ చూపిస్తే మార్చారు. మొత్తం ధర మీద కాకుండా మరమ్మతు విలువ మీద లెక్కవేసిన సుంకమే కట్టాను.

అయితే పెట్టె ఒక మూల లోపలికి నొక్కుకుపోయింది, కెమెరా వెనుక కూలర్ ఫ్యాను జాలీ వంగింది. పని చేస్తోంది గానీ ఫ్యాను తిరిగేటప్పుడు చిన్న గీరుడు శబ్దం వస్తోంది. సంతకం చేసి తీసేసుకున్నాను. ఇప్పుడు అడగవచ్చా?

సరుకులశాస్త్రి
అడగవచ్చు, కానీ ఈరోజే రాయండి. విమాన సరుకు దెబ్బతింటే అందుకున్న 14 రోజుల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలన్నది మాంట్రియల్ ఒప్పందం షరతు. కొరియర్ సొంత షరతులు, మీ బీమా పత్రం గడువు కూడా చూసుకోండి. ఏ ఫిర్యాదూ చేయకుండా తీసుకుంటే సరుకు బాగానే అందిందని లెక్క, కానీ దానికి విరుద్ధంగా మీరు నిరూపించవచ్చు. పెట్టె, లోపలి నురుగు, వంగిన జాలీ, మూడూ ఒకే వెలుతురులో ఫొటో తీయండి. పెట్టె పారేయకండి, పరిశీలనకు మనిషి వస్తే మొదట అడిగేది దాన్నే. జాలీని మీరే వంచి సరిచేయకండి.

చుక్కలచూపు
స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది, పక్కన పెట్టేశాను. ఫిర్యాదు ఇప్పుడే రాస్తున్నాను.